గడప మీద పెట్టని కర్ర

రోడ్ల డిజైన్‌లోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఫోన్ చేసి నన్ను ముందుగా అడిగేది ఒకటే. "మేడం, కారిడార్‌కి ఎలివేషన్ టార్గెట్ ఎలా ఇవ్వాలండి?" ఏ బటన్ నొక్కాలో చెప్పమని వాళ్ళ ఉద్దేశం. బటన్ సంగతి అర నిమిషంలో చెప్పేయొచ్చు. కానీ అది నొక్కేముందు ఏం చూసుకోవాలో చెప్పాలంటే నేను వాళ్ళని ఒక ఊరికి తీసుకెళ్ళాలి, ఒక ఇంటి ముందు నిలబెట్టాలి, పసుపు రాసిన గడప ఒకటి చూపించాలి. రిటైరై తెనాలిలో ఇంటిపట్టున ఉంటున్నా, ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ నాకు కుదురుండదు. కాఫీ గ్లాసు పక్కన పెట్టి, లేచి నిలబడి మరీ చెప్తాను. మా ఇంట్లోవాళ్ళు "మళ్ళీ మొదలెట్టింది" అనుకుంటూ అవతలి గదిలోకి పోతారు. మీరు పోకండి, కూర్చోండి.

మా ఆఫీసు తెనాలిలో ఒక టిఫిన్ హోటల్ పై అంతస్తులో ఉండేది. పొద్దున్నే మెట్లెక్కుతుంటే పెసరట్టు వాసన ముక్కుకి తగిలి, ఇంట్లో తినొచ్చిన కడుపు కూడా మళ్ళీ ఆకలేస్తోందని గోల పెట్టేది. ట్రేసింగ్ పేపర్ మీద ఇంకు పెన్నుతో గీతలు గీస్తూ ఉద్యోగంలో చేరినదాన్ని, తల నెరిసే వేళకి కంప్యూటర్లో త్రీడీ రోడ్లు వేయడం నేర్చుకున్నాను. మా కన్సల్టెన్సీ నడిపే బాస్‌కి పెద్ద గొంతు. పక్క కుర్చీలో ఉన్న మనిషితో మాట్లాడినా కింద హోటల్లో సప్లయర్ "ఏం కావాలండి?" అని తలెత్తి చూసేవాడు. మా సర్వేయర్‌ది రేపల్లె. నన్ను అక్కా అనేవాడు. ఊళ్ళ వెంట తిరిగి నేల ఎత్తుపల్లాలు కొలుచుకొచ్చేది అతనే. పొద్దున్నే కొలిచే మెషిన్‌కి బొట్టు పెట్టి, దండం పెట్టుకోనిదే పని మొదలుపెట్టేవాడు కాదు. బాస్ ఆటపట్టిస్తూ "హారతి కూడా ఇచ్చెయ్యవయ్యా" అనేవాడు. కానీ అతను తెచ్చిన లెవెల్ అంటే మళ్ళీ సరిచూసుకోవాల్సిన పని ఉండేది కాదు, అంత ఖచ్చితమైన మనిషి.

అప్పుడు మాకొచ్చిన పని బాపట్ల, రేపల్లె మధ్య ఒక రోడ్డు వెడల్పు చేసి కొత్తగా వేయడానికి డిజైన్. పొలాల మధ్య అంతా హాయిగా నడిచింది. అసలు తలనొప్పి దారిలో ఉన్న ఒక నేతగాళ్ళ ఊరు. రోడ్డుకి రెండు పక్కలా వాళ్ళ ఇళ్ళే.

మన డెల్టాలో రోడ్ల సంగతి మీకు తెలియంది కాదు. వేసిన ప్రతిసారీ పాత రోడ్డు మీదే ఇంకో పొర వేస్తారు. రోడ్డు పైకి లేస్తుంది, ఇళ్ళు పల్లంలోకి పోతాయి. అందుకే మన వైపు ఇల్లు కట్టాలంటే ముందు లారీలతో మట్టి తోలించి మెరక చేసుకుంటారు. ఉన్న ఇంట్లోకి నీళ్ళొస్తే నేల ఎత్తు చేయించుకుంటారు. ఆ వీధిలో వాళ్ళకి ఆ వీలు లేదు. ఎందుకంటే వాళ్ళవి గుంట మగ్గాలు. నేలలో గుంట తవ్వి, అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేస్తారు. నేల ఎత్తు చేస్తే గుంట మళ్ళీ తవ్వాలి, మగ్గం అంతా ఎత్తి కట్టాలి, పైన చూరేమో నెత్తికి తగులుతుంది. అంచేత వాళ్ళు అలాగే ఉండిపోయారు, రోడ్డు మాత్రం లేస్తూనే ఉంది.

సర్వే మొదలైన కొత్తలో నేనూ ఒకసారి చూద్దామని వెళ్ళాను. బస్సు దిగానో లేదో వీధిలో ఆడవాళ్ళు నన్ను చుట్టుముట్టేశారు. అందరికంటే ముందున్నావిడది నా ఈడే. పుట్టిల్లు పేరాల, పుట్టింట్లోనూ మగ్గమే, అత్తింట్లోనూ మగ్గమే.

"మళ్ళీ పెంచుతారా చెల్లెమ్మా రోడ్డు?" అంది.

"పెంచినా భయం లేదక్కా, పక్కన డ్రైన్ కూడా కడతాం."

"అట్టాగే అంటారు. వాన పడితే మా వీధిలో మగ్గం చప్పుడు వినబడదు తెలుసా? చెంబులతో గుంటలో నీళ్ళు తోడుకునే చప్పుడే. పడుగు నూలు తడిసిందంటే పడ్డ కష్టమంతా నీళ్ళపాలే. మా కోడలికి నేత నేర్పాను, చేయి బాగా తిరిగింది దానికి. గుంట ఒక్కటేగా, వంతులేసుకుని నేస్తున్నాం. మా ఆయనైతే తేల్చి చెప్పేశాడు, కొత్త రోడ్డు వేశాక కూడా నీళ్ళొస్తే గుంట పూడ్చేసి మగ్గం ఎత్తేస్తాడంట."

ఆ పక్కనే నిలబడ్డ ఆవిడ భర్త నా వంక చూడకుండా "పూడ్చక ఏం చేస్తాం?" అన్నాడు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "మీ గడప దాటి చుక్క నీళ్ళు లోపలికి రావు. నాదీ పూచీ" అనేశాను. ఇంజనీర్లు అలాంటి మాటలు ఇవ్వకూడదు. నోరాగాలిగా!

ఇక్కడ కొంచెం పని సంగతి చెప్పాలి, విసుక్కోకండి. కంప్యూటర్లో రోడ్డు తయారుచేయాలంటే ముందు మధ్యగీత గీస్తాం. అది ఎక్కడ ఎంత ఎత్తులో పోవాలో చెప్తాం. తర్వాత రోడ్డుని అడ్డంగా కోస్తే ఎలా కనబడాలో, తారు ఎంత, పక్కన అంచు ఎంత, డ్రైన్ ఎంత, ఒక ముక్క తయారుచేసి ఆ మధ్యగీత పొడవునా దండ గుచ్చినట్టు గుచ్చుతాం. దాన్నే కారిడార్ అంటాం. పొలాల మధ్య అయితే మధ్యగీత ఏం చెప్తే అంచులు అదే వింటాయి. ఊళ్ళోకి వచ్చేసరికి ఆ పెత్తనం చెల్లదు. అక్కడ గుమ్మాలున్నాయి. అందుకని అంచుకి విడిగా చెప్తాం, "నువ్వు మధ్యగీత మాట వినకు, అదిగో ఆ గుమ్మాల వెంట ఒక గీత పోతోంది, దాని ఎత్తు చూసుకుని దానికంటే కాస్త కిందగా పో" అని. ఆ చెప్పడమే ఎలివేషన్ టార్గెట్. అంచు ఎంత అమాయకమైందంటే, మీరు ఏ గీత చూపిస్తే దాన్నే పట్టుకుపోతుంది. అది గుమ్మమా, గోడా, గొడ్ల చావిడా అని అడగదు.

సర్వేయర్ ప్రతి ఇంటి ముందూ ఎత్తు కొలిచి ఒక పాయింటు తీసి, 'డోర్ లెవెల్' అని పేరు పెట్టి పంపాడు. ఆ పాయింట్లన్నీ కలిపి రెండు వైపులా రెండు గీతలు వేశాను. అంచుకి టార్గెట్‌గా ఇచ్చాను. కారిడార్ కట్టింది. ఆహా, ఏం వచ్చిందనుకున్నారు! ఎక్కడా కుదుపు లేదు, మడత లేదు. పాత రోడ్డు మీద ఒక పొర వేసినా డ్రైన్ పైఅంచు గుమ్మాల కంటే కిందే ఉంటోంది. బాస్ నా వెనక నిలబడి "ఇస్త్రీ చేసినట్టుందమ్మా!" అని కింద హోటల్‌కి కూడా వినబడేలా మెచ్చుకున్నాడు. పాత రోడ్డు తవ్వక్కర్లేదంటే పని సులువు, అందరికీ సంతోషం. నేనూ మురిసిపోయాను.

డిజైన్ ఆమోదం కోసం బాస్ బాపట్ల బయల్దేరాడు. అక్కడ పెద్ద ఇంజనీరు గారు సంతకం పెడితే పని మొదలైనట్టే. అదే రోజు నన్ను ఊళ్ళోకి వెళ్ళి ప్లాన్ జనానికి చూపించి రమ్మన్నారు. నేను చంకలో డ్రాయింగుల చుట్ట పెట్టుకుని పెళ్ళికెళ్తున్నంత హుషారుగా బస్సెక్కాను.

పేరాల ఆవిడ అరుగు మీద కాగితం పరిచి చూపించాను. "ఇదిగో మీ ఇల్లు. ఇదిగో డ్రైన్. మీ గడప కంటే జానెడు కిందే ఉంటుంది అక్కా. చూడండి, ఈ గీత."

ఆవిడకి గీతలేం అర్థం కాలేదు, కానీ నా మొహం చూసి నవ్వింది. "సరే, లోపలికొచ్చి మజ్జిగ తాగి పో. తల వంచు, కింద చూసుకో."

నేను ఒక మెట్టెక్కి అరుగు మీదకి వచ్చాను. చూరు కింద నీడగా ఉంది. గడప దాటి కాలు వేస్తే నేల అందలేదు. ఇంకా కిందికి పోయింది. ఇంకా కిందికి. నా మోకాలు కలుక్కుమంది.

"చెప్పాగా చూసుకోమని!" అంటోంది ఆవిడ.

నేను వినిపించుకునే స్థితిలో లేను. ఎక్కి దిగడమేంటి? అరుగు ఎక్కాను, గడప దగ్గర దిగాను, నేల మీదకి ఇంకాస్త దిగాను. గిర్రున వెనక్కి తిరిగి బయటికొచ్చాను. మా సర్వేయర్‌కి ఒక అలవాటుంది, పాయింటు తీసిన చోటల్లా ఎర్ర పెయింటు చుక్క పెడతాడు, మళ్ళీ కావాలంటే అక్కడే కొలవడానికి. చూశాను. చుక్క అరుగు అంచు మీద ఉంది. చూరు నీడలో ఉన్న గడప మీద పసుపు, కుంకుమ బొట్లు తప్ప ఏ ఎర్ర చుక్కా లేదు.

చెప్పులు కూడా వేసుకోకుండా పక్కింటికి పరిగెత్తాను. అరుగు మీద చుక్క. ఆ పక్కింటికి. అరుగు మీద చుక్క. రోడ్డు దాటి ఎదుటి వరసలోకి. అన్నీ అరుగుల మీదే! గడపలన్నీ శుభ్రంగా, పచ్చగా, చుక్క అంటకుండా ఉన్నాయి. ఆడవాళ్ళు నాకేదో అయిందనుకున్నారు.

"ఏంటమ్మా, ఏమన్నా పోయిందా?" అని ఒకావిడ.

"పోలేదమ్మా, దొరికింది!" అని అరిచాను.

అసలు సంగతేంటంటే, మామూలు ఇళ్ళలో అరుగూ, గడపా ఇంచుమించు ఒక్క ఎత్తులో ఉంటాయి. ఈ మగ్గాల వీధిలో అలా కాదు. రోడ్డు లేచినప్పుడల్లా వీళ్ళు నీళ్ళు ఆపడానికి అరుగుని సిమెంటుతో ఎత్తు చేసుకుంటూ వచ్చారు, కట్ట వేసినట్టు. లోపల నేలేమో గుంట వల్ల తాతలనాటి ఎత్తులోనే ఉండిపోయింది. మా అమాయకపు అంచు ఆ కట్ట ఎత్తు చూసుకుని, దర్జాగా దాని కొలతకి నడుస్తోంది. అలాగే కట్టేస్తే మేము వేసే డ్రైన్ నీళ్ళు తీసుకుపోయేది కాదు, తెచ్చి ఇళ్ళలో పోసేది. నా పూచీ గుర్తొచ్చి వెంటనే బాస్‌కి ఫోన్ చేశాను.

"సార్, సంతకం అయిపోయిందా?"

"ఏంటమ్మా, ఇప్పుడే ఫైలు తెరిచారు. లోపలున్నా." పాపం, గొంతు తగ్గించే మాట్లాడుతున్నాననుకున్నాడు.

"ముయ్యమనండి."

"ఏంటీ?"

"ఫైలు ముయ్యమనండి సార్! మనం గుమ్మాలనుకున్నవి గుమ్మాలు కావు, అరుగులు. మగ్గాల వీధంతా."

"తేడా ఎంత?" అన్నాడు.

"నా మోకాలంత."

"నీ మోకాలు ఏ డ్రాయింగులో ఉందమ్మా?" అన్నాడు. ఆ గండంలో కూడా ఆ మనిషికి వేళాకోళమే. కానీ తర్వాత ఆయన చేసిన పని నేను మర్చిపోలేను. ఫోన్ పెట్టేసి, అందరి ముందూ "మా లెవెల్స్ తప్పండి. ఫైలు ఇచ్చేయండి, సరిచేసి తెస్తాం" అన్నాడట. సంతకానికి పెన్ను మూత తీసి ఉన్న టైములో! ఎంత మందికి ఆ గుండె ఉంటుంది చెప్పండి? నాకు ఆ పెద్ద గొంతు మీద అప్పటినుంచి కోపం రాలేదు.

ఈలోగా నేను ఫోన్ చేస్తే సర్వేయర్ రేపల్లె నుంచి అసిస్టెంట్‌నీ, మెషిన్‌నీ వేసుకుని బండి మీద ఊడిపడ్డాడు. హెల్మెట్ తీయకముందే అందుకున్నాను.

"డోర్ లెవెల్ అని రాసి అరుగు మీద పెడతావా? నీ చేత్తో పట్టుకున్న కర్రేగా అది?"

నిజమే, గుమ్మాల దగ్గర పాయింట్లకి మాత్రం మెషిన్ దగ్గర అసిస్టెంట్‌ని నిలబెట్టి, అద్దం బిగించిన ఆ పొడుగు కర్ర తనే పట్టుకునేవాడు. అంత శ్రద్ధ.

"గడప మీద ఎట్టా పెడతానక్కా?" అన్నాడు, ఏడుపు ఒక్కటే తక్కువ. "శుక్రవారం పూట, పొద్దున్నే కడిగి పసుపు రాసి బొట్లు పెట్టుకున్నారు. మన కర్ర ఎక్కడెక్కడ తిరిగొచ్చింది! బురదలో గుచ్చాం, పేడలో గుచ్చాం. దాన్ని తెచ్చి లక్ష్మీదేవి నెత్తిన పెట్టమంటావా? మా రేపల్లెలో అరుగూ గడపా ఒక్క ఎత్తే. ఇక్కడా అంతే అనుకున్నా."

ఇంకో నాలుగు తిడదామని నోరు తెరిచి, మూసేశాను. నిజం చెప్పొద్దూ, ఆ కర్ర నా చేతిలో ఉంటే నేనూ గడప మీద పెట్టేదాన్ని కాదు. మా ఊరు నందివెలుగులో చిన్నప్పుడు గడప తొక్కితే మా అమ్మ వీపు మోగించేది. ఏ ఊరి నుంచి వచ్చిన సర్వేయరైనా సరే, మన వైపు వాడైతే ఇదే తప్పు చేస్తాడు. ఇలాంటివి సాఫ్ట్‌వేర్ పుస్తకాల్లో ఉండవు!

ఇప్పుడు మాత్రం ఏం చేయాలి? అతను కర్ర పట్టుకుని గడప ముందు నిలబడ్డాడే గానీ, చేయి ముందుకు రావడం లేదు. టేపుతో అరుగు నుంచి కిందికి కొలుద్దామంటే అరుగులు ఒక్కో చోట ఒక్కోలా వంకర తిరిగి ఉన్నాయి, అతనికి నమ్మకం చాలడం లేదు. మా ఇద్దరి తర్జనభర్జనా పేరాల ఆవిడ మజ్జిగ చెంబు పట్టుకుని వింటోంది. చెంబు కింద పెట్టి లోపలికెళ్ళి, నీళ్ళూ, పసుపు గిన్నే తెచ్చింది.

"ఏదీ, ఆ కర్ర ఇటివ్వు నాయనా."

కర్ర మొన కడిగింది. చీర చెంగుతో తుడిచింది. పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టింది. "ఇక పెట్టు. ఇప్పుడిది మా ఇంటి కర్రే."

మా సర్వేయర్ చెప్పులు విప్పాడు. వంగి, మెల్లగా, నిద్రపోతున్న పసిబిడ్డని పడుకోబెట్టినట్టు గడప మీద కర్ర ఆనించాడు. అవతల మెషిన్ దగ్గర నుంచి అసిస్టెంట్ "రీడింగ్ వచ్చింది సార్!" అని అరిచాడు. నాకు ఒళ్ళు ఝల్లుమంది, ఇప్పుడు చెప్తున్నా ఝల్లుమంటోంది.

ఇక చూడండి తమాషా! పక్కింటావిడ "మా గడపకి మా పసుపే" అని తన గిన్నె తెచ్చుకుంది. ఆ పక్కావిడ తనది. ఇంటింటా కర్రకి స్నానం, పసుపు, బొట్టు. వీధి వీధంతా మా వెంటే నడిచింది. అవతలి చివరికి వచ్చేసరికి కర్ర సగందాకా పచ్చబడిపోయి, ఏదో ఉత్సవానికి ఊరేగినట్టుంది. లోపలి నేల గడప కంటే ఎంత కిందో టేపుతో కొలుచుకున్నాం. ఊరి చివర మురుగు కాలవ దగ్గరికి వెళ్ళి, అది నిండుగా పారినప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో గట్టు మీద మరక చూసి అదీ కొలిచాం. మా డ్రైన్ నీళ్ళు చివరికి పోవాల్సింది ఆ కాలవలోకే.

సాయంత్రానికల్లా తెనాలి ఆఫీసులో ఉన్నాం. బాపట్ల నుంచి బాస్ కూడా వచ్చేశాడు. కొత్త పాయింట్లతో గడపల గీత మళ్ళీ వేశాను. అంచుకి పాత టార్గెట్ తీసేసి కొత్తది ఇచ్చాను. కారిడార్ మళ్ళీ కట్టమన్నాను. ముగ్గురం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. రోడ్డు చక్కగా వచ్చి వచ్చి, ఒక సందు మొదట్లో దభాలున బావిలోకి దూకేసింది!

"ఏంటమ్మా, మెట్ల బావి కడుతున్నావా?" అన్నాడు బాస్.

కంగారులో గీతకి ఒక మలుపు దగ్గర ఎత్తు ఇవ్వడం మర్చిపోయాను. ఎత్తు ఇవ్వకపోతే అది సున్నా అనుకుంటుంది, అంటే సముద్ర మట్టం. మన డెల్టా కాబట్టి బావిలో పడింది, అదే కొండల్లో అయితే పాతాళానికే పోయేది. పిల్లలూ, ఈ సున్నాలు చూసుకోండి. సందు మొదళ్ళలో గీత తెగినా అంతే, టార్గెట్ దొరక్క అంచు తన ఇష్టం వచ్చినట్టు పోతుంది. నేను సందుల దగ్గర గీతలు కలిపాను, సున్నా సరిచేశాను, మళ్ళీ కట్టాను.

ఈసారి నిజం కనబడింది. పాత రోడ్డే ఆ ఇళ్ళ నేల కంటే ఎత్తులో ఉంది. దాని మీద పొర వేసే మాటే లేదు. పాత పొరలన్నీ తవ్వి తీసేసి, రోడ్డునే కిందికి దించాలి. దించితే డ్రైన్ కూడా దిగాలి. మరీ దిగితే చివర కాలవలో నీళ్ళు వెనక్కి తన్నుతాయి. పైన గడపలు, కింద కాలవ, నాకు మిగిలింది ఆ మధ్య జాగా. ఇక్కడ మధ్యగీత మాట చెల్లదు. గడపలు చెప్పాలి, అంచులు వినాలి, అంచులు చెప్తే మధ్యగీత వినాలి. తలకిందుల సంసారం! బొటాబొటీ వాలు పెట్టి ఒకసారి కట్టాను, కాలవ దగ్గర మునిగింది. రోడ్డు వాలు అటూ ఇటూ మార్చాను, గడపల దగ్గర చాలలేదు. ఆ వీధి మధ్యలో నుంచి డ్రైన్ని రెండు వైపులకీ పంచి, ఒక కొస కాలవ మలుపు దగ్గరికి తిప్పితే? కట్టాను. చూశాను. మళ్ళీ చూశాను. డ్రైన్ అడుగు కాలవ నిండు నీటి మరక కంటే బెత్తెడు పైన! పైఅంచు అన్ని గడపలకీ కిందే, లోపలి నేలకీ కిందే!

"వచ్చేసింది సార్!" అని నేను కేకేస్తే, ఈసారి కింద హోటల్ సప్లయర్ నా గొంతుకి తలెత్తి చూశాడట. బాస్ కిటికీలోంచి వంగి "అందరికీ పెసరట్లు పంపవోయ్, అల్లప్పచ్చడి ఎక్కువ వెయ్" అని అరిచాడు. మా సర్వేయర్ మాత్రం పచ్చ కర్రని గోడకి ఆనించి, కళ్ళు తుడుచుకున్నాడు. పొద్దుట నుంచి తిండి లేదు ఆ మనిషికి.

మర్నాడు బాపట్లకి ముగ్గురం వెళ్ళాం. పెద్ద ఇంజనీరు గారు డ్రాయింగు చూసి కళ్ళజోడు తీసేశారు.

"రోడ్డు దించడమేంటండీ? ఎక్కడైనా పెంచుతారు గానీ!"

బాస్ ఏదో చెప్పబోతుంటే నేనే అందుకున్నాను. లాప్‌టాప్ తిప్పి పెట్టాను. మోడల్లో మనం ఎక్కడ నిలబడి చూస్తే అక్కడి నుంచి రోడ్డు కనబడేలా చేయొచ్చు. పేరాల ఆవిడ మగ్గం గుంటలో కూర్చుంటే కళ్ళు ఏ ఎత్తులో ఉంటాయో అక్కడ పెట్టాను. "ముందు డిజైన్ ప్రకారం ఆవిడకి కనబడేది ఇదండి" అన్నాను. గుమ్మంలో ఆకాశం లేదు, రోడ్డు గోడలా నిలబడి ఉంది. "ఇప్పుడు చూడండి." రోడ్డు దిగింది, ఎదుటి వరస ఇళ్ళు కనబడ్డాయి.

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "కాలవ నిండితే వెనక్కి తన్నదా?" అన్నారు.

"నిండు నీటి మరక మా సర్వేయరే కొలిచాడండి. బెత్తెడు పైనే ఉన్నాం."

అరుగుల సంగతి బాస్ అప్పటికే చెప్పినట్టున్నాడు, ఆయన మా సర్వేయర్ వంక తిరిగి, "ఈసారి కర్ర ఎక్కడ పెట్టావయ్యా?" అని అడిగారు. గదిలో నవ్వులు. ఆ నవ్వుల్లోనే సంతకం అయిపోయింది.

రోడ్డు వేశారు. వేసేటప్పుడు చూడటానికి వెళ్తూనే ఉన్నాను. కానీ రోడ్డు అసలు పరీక్ష రాసేది వానలోనే కదా! వాయుగుండం అన్నారు, తెనాలిలో ముసురు పట్టింది. నా వల్ల కాలేదు. బెత్తెడు అన్నది కంప్యూటర్లో ఎంతో ధైర్యంగా ఉంటుంది గానీ, నిజం వానలో ఎంత చిన్నగా కనబడుతుందో అప్పుడు తెలిసింది. రేపల్లె రైలెక్కేశాను. స్టేషన్ దగ్గర సర్వేయర్ గొడుగు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు, అతనికీ నిద్ర లేదట. ఆటోలో దారి పొడవునా ఇద్దరం రోడ్డు పక్క నీళ్ళే చూసుకుంటూ వెళ్ళాం.

ఊరి మొదట్లో ఆటో ఆగింది. డ్రైన్ నిండా నీళ్ళు గలగలా పరిగెడుతున్నాయి, కాలవ వైపే. అరుగుల కింద తడి ఉంది గానీ నిలవ లేదు. అప్పుడు వినబడింది. వాన చప్పుడు వెనకాల టకటకా, టకటకా. ఒక ఇంట్లో కాదు, వీధంతా మగ్గాలు ఆడుతున్నాయి. సర్వేయర్ నా మొహం చూశాడు, నేను అతని మొహం చూశాను. ఇద్దరం గొడుగు సంగతి మర్చిపోయి తడుస్తూ పరిగెత్తాం.

పేరాల ఆవిడ ఇంటి గుమ్మంలోకి తొంగి చూసేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. లోపల ఆవిడ భర్త గునపం పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన పార, తట్ట.

"అయ్యో, పూడుస్తున్నారా?" అన్నాను. "నీళ్ళు రాలేదుగా అన్నయ్యగారూ!"

"పూడ్చడమేంటమ్మా?" అన్నాడాయన. ఆయన నవ్వగా చూడటం నాకు అదే మొదలు. గునపంతో నేల చూపించాడు. పాత మగ్గం గుంటలో కోడలు కూర్చుని నేస్తోంది. దాని పక్కన, గోడవారగా, నేల మీద బియ్యప్పిండితో నలుపలకలుగా ముగ్గు గీసి ఉంది. "రెండో గుంట తవ్వుతున్నా. ఇక అత్తాకోడళ్ళకి వంతుల గొడవుండదు. ఎప్పుడో తవ్వాల్సింది, ఒక పెద్ద వాన పడనీ, నీళ్ళు రావని కళ్ళారా చూశాకే తవ్వుతానని ఆగాను."

ఈసారి తల వంచి, కింద చూసుకుని దిగాను.

ఆవిడ అప్పటికే పసుపు గిన్నెతో వచ్చేసింది. "కర్ర తెచ్చావా నాయనా?" అని మా సర్వేయర్ని అడిగింది.

"లేదమ్మా. గొడుగు తప్ప ఏం తేలేదు."

"అయితే ఆ గొడుగే ఇటివ్వు."

గొడుగు మొన తుడిచి, పసుపు రాసి, బొట్టు పెట్టి ఇచ్చింది. మా సర్వేయర్ గుమ్మం బయటే చెప్పులు విప్పి, గడప తొక్కకుండా దాటి, లోపలికి దిగాడు. ముగ్గు మధ్యలో గొడుగు మొన ఆనించి, కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాడు. కోడలు మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడె ఆపి చూస్తోంది. మామ గునపం ఎత్తాడు. బయట వాన ఇంకా పడుతూనే ఉంది.